గని వైపు చల్లగాలి

"సంజీవ మామా... మిద్దె మీదికి ఎవురూ ఎక్కాకండి!"

వీధి మొదట్నుంచి ఆ కేక వినపడేసరికి సంజీవయ్య చేతిలోని విస్తరాకుల కట్ట జారి కింద పడింది. జమ్మలమడుగు దగ్గర ఆ ఊళ్ళో కేక వినపడిందంటే తలుపులు మూసుకోవడం అందరికీ అలవాటే. బాంబుల కాలం మరి. అందులోనూ ఆ రోజు రాజీ భోజనం. రెండు పార్టీల మనుషులూ ఆయన ఇంట్లోనే కూర్చుని తినాలి. తింటే ఆయన కొడుకు బతుకుతాడు. ఎవరైనా తినకుండా లేచిపోయారా, ఇంక ఆ పిల్లవాడి మీద ఆశ వదులుకోవాల్సిందే. మునుపు ఆయన అన్న లక్ష్మయ్యను ఎవరో ఎత్తుకుపోయారు. శవం కూడా దొరకలేదు.

కేక వేసింది అమీర్ బాషా. కాలేజీవాళ్ళు సంజీవయ్య మిద్దె మీద పెట్టిన యంత్రాన్ని చూసుకునేవాడు. బావి నీళ్ళలో కట్టె ముంచితే వంగినట్టు కనపడుతుంది కదా, అట్లాగే దారి చూపే ఉపగ్రహాల రేడియో సిగ్నల్ కూడా గాలిలోంచి వస్తా వస్తా కొంచెం వంగుతుందంట. చల్లగాలిలో ఎక్కువ, వేడిగాలిలో తక్కువ. ఆ వంపు చూసి గాలి వేడి ఎంతో లెక్క కట్టేస్తారు. థర్మామీటరు పట్టుకుని ఆకాశంలోకి పోయే పనే లేదు, ఎంత సుఖమో చూడండి.

అయితే ఆ ఎండాకాలమంతా లెక్క కుదరలేదు. నాపరాళ్ళ పాతగని వైపు దిగే ఉపగ్రహం సిగ్నల్ ఒక్కటే విపరీతంగా వంగేది. మంచుముద్దలాంటి గాలి ఏదో అక్కడ నిలబడి ఉన్నట్టు. ఆ గని ఎదురు పార్టీ పెద్ద ఆదినారాయణది.

అమీర్ బాషా వగరుస్తా వచ్చి చెవిలో చెప్పాడు.

"అది గని కాడ లేదు మామా. దినాం కొంచెం కొంచెం ఇట్టా నడిచొస్తాంది. ఈ పొద్దు అన్ని సిగ్నళ్ళూ వంగినాయి. ఎన్నడూ వంగని నెత్తిమీదిది కూడా."

"అంటే?"

"మీ ఇంట్లోకే వచ్చినాది."

ఎవరికీ చెప్పొద్దని సంజీవయ్య అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అప్పటికే వంటింట్లోంచి వేడి సంగటి వాసన, దాని వెనకాలే తడిసిన రాతిపొడి వాసన...

రాజీ పంక్తిలో ఈ పార్టీ మనిషి పక్కన ఆ పార్టీ మనిషి కూర్చోవాలి. ఎవరి అన్నంలోనూ ఎవరూ ఏమీ కలపకుండా అదొక కట్టుబాటు. అందరూ కూర్చున్నారు. సంజీవయ్యకూ ఆదినారాయణకూ మధ్య ఒక ఆకు మిగిలిపోయింది. అది ఎవరు వేశారో తెలియదు.

"ఏందప్పా, ఈడ ఎవురు కూర్చుంటారు?" అన్నాడు ఆదినారాయణ.

ఆ మాటతో పాటు ఆయన నోట్లోంచి తెల్లగా ఆవిరి వచ్చింది.

మిట్టమధ్యాహ్నం. మండుటెండ. మిగతా ఎవరి నోటా ఆవిరి లేదు...

సంజీవయ్యకు అంతా అర్థమైంది. అన్న ఇన్నాళ్ళూ ఏ గనిలో ఉన్నాడో. అక్కడ పెట్టింది ఎవరో. గొంతుదాకా వచ్చింది మాట. ఎదురుగా కొడుకు ఆయన మొహంలోకే చూస్తున్నాడు.

"ఎవురూ లేరు మామా," అన్నాడు సంజీవయ్య మెల్లగా. "తిను."

సంజీవయ్య ముసలి తల్లి తిరుపాలమ్మ వడ్డిస్తా వచ్చింది. ఆ ఖాళీ ఆకు దగ్గర ఆగి, పొగలు కక్కే సంగటి ముద్ద పెట్టింది. ఆకును తాకగానే పొగ ఆగిపోయింది.

ముద్ద నడుమ... మెల్లగా... గుంత పడింది. నెయ్యి కోసం వేలితో ఒత్తినట్టు.

తిరుపాలమ్మ ఆ గుంతలో నెయ్యి పోసి ముందుకు కదిలింది.

అందరూ తినడం మొదలుపెట్టారు.