అగ్గిపుల్ల ఆరాలి

"ఆవిడ రేపు అగ్గిపుల్ల గీస్తుంది. ఆ పుల్లతోనే ఆవిణ్ణి తగలబెట్టాలని వాళ్ల ప్లాన్," అన్నాడు చీఫ్.

ఏజెంట్ ముంగిస నోట్లో బిస్కెట్టు నమలడం ఆపేశాడు.

స్క్రీన్ మీద ఒక కెమిస్టు ఫొటో పడింది. నెరిసిన జుట్టు, మరకల కోటు, ఎవరినో కడిగేయబోతున్నట్టు చూపు. మొక్కజొన్న కండెల నుంచి సాల్వెంట్ తయారుచేసిన మనిషి. చెప్పుల ఫ్యాక్టరీల్లో జిగురు కరిగించడానికి వాడే విదేశీ సాల్వెంట్ ఆవిరై పనివాళ్ల నరాలను తినేస్తోంది. ఈవిడది ఆవిరవదు, అంటుకోదు. నమ్మనివాళ్ల కోసం ప్రతి డెమోలోనూ వెలిగించిన అగ్గిపుల్లను అందులో ముంచి ఆర్పుతుంది. అది ఆమె అలవాటు. పొగరు కూడా.

"విదేశీ సరుకు అమ్మే ముఠా ఆ గిన్నెలో మండేది నింపుతుంది. ఫ్యాక్టరీ ఓనర్లందరి కళ్లముందే మంట. మనిషీ పోతుంది, పాతికేళ్ల పనీ పోతుంది. నువ్వు గిన్నెలు కడిగేవాడిగా వెళ్తున్నావు. లోపల నెమలి ఉంటుంది."

"నెమలి వాళ్ల మనిషి కదా సార్?"

"వాళ్లు అలా అనుకుంటున్నారు. జీతం ఇచ్చేది మనం."

టెక్నికల్ సెక్షన్ ఒక పెన్ను ఇచ్చింది. మండే ఆవిరి తగిలితే జేబులో వణుకుతుంది. రాయమంటే మాత్రం రాయదు.

మర్నాడు ముంగిస ల్యాబ్‌లో సింకు ముందు నిలబడి గ్లవ్స్ తొడుక్కోబోయాడు.

"అవెందుకయ్యా?" అంది కెమిస్టు. "తొట్టిలో ఉన్నది నా సాల్వెంటే. చేతినేం చెయ్యదు. గోళ్ల రంగు కూడా పోదు."

"నల్లగా ఉందేంటి మేడమ్?"

"వాడిందే వడగట్టి మళ్లీ వాడతాం. ఇక్కడ పారబోసేది ఏమీ లేదు."

కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఆమె తల్లి కూర్చుని ఉంది. ఒకప్పుడు చెప్పులకు జిగురు రాసి బతికిన మనిషి.

"అమ్మ కాళ్లు పడిపోతే వయసు వల్ల అన్నారు కంపెనీవాళ్లు. అప్పటికి అమ్మకి నలభై నిండలేదు. ఆ మాటకి ఒళ్లు మండి ఈ చదువు చదివాను. ఇంకా చల్లారలేదు."

"చల్లారదు కూడా. చిన్నప్పట్నుంచీ ఇది మొండిఘటం," అంది తల్లి. ఆ గొంతులో గర్వం దాగలేదు.

డెమో హాల్లో ఓనర్లు బిగుసుకుని కూర్చున్నారు. తలుపు పక్కన తల్లి చక్రాల కుర్చీ. మూత పెట్టిన గాజు గిన్నె బల్ల మీద ఉంది. అత్తరు ఘుమాయిస్తూ ఎర్రచీరలో నెమలి వచ్చి ముంగిస పక్కన నిలబడింది.

"వాన పడేలా ఉందా?" అంది, పెదవులు కదిలీ కదలకుండా.

"గొడుగు మరిచిపోయాను."

కోడ్ సరిపోయింది. అతని జేబులో పెన్ను గిలగిలా కొట్టుకుంది.

"నా సెంటు. స్పిరిట్ ఉంటుందిగా," అని నవ్వింది. "గిన్నె నేనే చూశాను. నిశ్చింతగా ఉండు."

నిజమే కదా అని పెన్ను కట్టేశాడు. అందగత్తె చెబితే గూఢచారులకు బుర్ర పనిచెయ్యదు, అది ఈ ఉద్యోగంలో మామూలే.

కెమిస్టు అగ్గిపుల్ల గీసింది. ఎడమచేయి మూత మీద వేసింది. హాలంతా చప్పట్లు. నెమలి కూడా కొట్టింది. ఆ చేతుల వైపు చూశాడు ముంగిస. ఎడమచేతి గోళ్లు నిగనిగలాడుతున్నాయి. కుడిచేతి వేళ్ల చివర రంగు కరిగి అలుక్కుపోయింది. మేడమ్ సాల్వెంట్‌కైతే గోళ్ల రంగు పోదు.

ఆ ల్యాబ్‌లో గ్లవ్స్ వేసుకుంటే అనుమానిస్తారని ఉత్తచేతులతో గిన్నె మార్చింది మహాతల్లి. పెన్ను నోరు మూయించడానికే ఆ అత్తరు.

"మూత తియ్యకండి."

కుర్చీలు తన్నుకుంటూ దూకి, మండుతున్న పుల్లను గుప్పిట్లో నలిపేశాడు. అరచెయ్యి చుర్రుమంది. నెమలి తలుపు వైపు పరుగెత్తింది. అక్కడ చక్రాల కుర్చీ అడ్డంగా తిరిగి ఉంది.

"ఎక్కడికమ్మా అంత తొందర?" అంది తల్లి. ఈలోగా గార్డులు వచ్చి నెమలి చేతులు విరిచిపట్టారు.

ఓనర్లు లేచారు. "ఇంకోసారి చూద్దాంలెండి మేడమ్," అన్నాడు వాళ్ల పెద్ద.

"ఇవాళే చూస్తారు. కూర్చోండి," అంది కెమిస్టు. "వాళ్లు గిన్నె మార్చగలిగారు. కడిగే తొట్టిలోకి మాత్రం ఎవడూ చూడడు. ముంచి తీసుకురావయ్యా."

నల్లటి సాల్వెంట్ వచ్చింది. అప్పుడు తల్లి చెయ్యి చాపింది.

"అగ్గిపెట్టె ఇటివ్వు. ఇది నేను గీస్తాను."

వంకర తిరిగిన వేళ్లతో గీసింది. మంట గిన్నెలోకి దిగింది. చుయ్‌మని ఆరిపోయింది. తర్వాత అదే గిన్నెలో ముంచిన చెప్పుకి జిగురు కరిగి అడుగు అట్ట ఊడి చేతిలోకి వచ్చింది. ఓనర్ల పెద్ద దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, మళ్లీ కుర్చీలో కూర్చున్నాడు. కూతురు అందరి ముందే కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం ముంగిస చేతికి కట్టుతో సెలవు తీసుకోవడానికి వెళ్లాడు. కెమిస్టు సింకు వైపు చూపించింది.

"గిన్నెలు సగమే కడిగావు."

"నేను సీక్రెట్ ఏజెంట్‌ని మేడమ్. పైగా కుడిచెయ్యి కాలింది."

"ఎడమది ఖాళీయేగా," అందామె.