చల్లటి ప్లగ్గులు వేసిందెవరు?

"మా అన్న దయ్యమై తిరుగుతున్నాడండీ!"

తలుపైనా మూయకుండా అరిచాడతను. డిటెక్టివ్ తల ఎత్తలేదు. అసిస్టెంటే లేచి అతన్ని కూర్చోబెట్టింది.

అన్న కొండదారుల్లో కారు పందేలకి వెళ్లేవాడు. జ్వరమొచ్చి పోయాడు. కారు మిగిలింది. అమ్మేద్దామని తమ్ముడు మెకానిక్ చేత కొత్త స్పార్క్ ప్లగ్గులు వేయించాడు. ఆ రోజు పిలిస్తే పలికినట్టు స్టార్టయింది. తీరా కొనేవాళ్లు వచ్చేసరికి దగ్గి, నల్లపొగ కక్కి ఆగిపోయింది. మళ్లీ వేయించాడు. మళ్లీ అదే తంతు.

"సీటు కూడానండీ! ఎవరు ముందుకి జరిపినా, తెల్లారేసరికి మా అన్న కూర్చునే చోటికే వెళ్లిపోతుంది."

"దయ్యాలకి స్పానర్‌తో పనిలేదు. పదండి," అన్నాడు డిటెక్టివ్.

షెడ్డులో మెకానిక్ రుసరుసలాడుతున్నాడు. "ఈ బండికి ఏ ప్లగ్గు పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతా. నన్ను దొంగంటారా?"

గుమ్మంలోంచి పోయిన అన్న భార్య, వదినగారు, ఒక్కటే అడిగింది. "ఇంజన్‌కి దెబ్బేం తగల్లేదు కదండీ?"

డిటెక్టివ్ నాలుగు ప్లగ్గులూ విప్పి గుడ్డమీద పేర్చాడు. కొసలు కాటుక పట్టాయి. ప్లగ్గులు పాతవే. అయినా ఒంటిమీద ఒక్క గీత లేదు. ఎవరో పసిపిల్లల్ని తుడిచినట్టు తుడిచారు. అసిస్టెంట్ మళ్లీ మళ్లీ చూసింది. ఏమీ తట్టలేదు.

"అందరూ ఇక్కడే ఉన్నారు, వినండి," అన్నాడు డిటెక్టివ్. "వేడి నిలిపే ప్లగ్గు తప్పుగా వేస్తే పిస్టన్ కరుగుతుంది, ఇంజన్ చస్తుంది. వేడిని గబగబా వదిలేసే చల్లటి ప్లగ్గు పందేలకి. వీధిలో మెల్లగా తిప్పితే మసిపట్టి మొరాయిస్తుంది, అంతే. ఇవి చల్లటివి. పాడుచేసి చౌకగా కొట్టేద్దామనుకునేవాడికి ఇంత జాలి ఉండదు. మెకానిక్ అయితే తన చేతి పనిని తనే నవ్వులపాలు చేసుకోడు. కారు ఇల్లు దాటకూడదు, దానికి నొప్పీ కలగకూడదు. అలా కోరుకున్న మనిషి, పందెం ప్లగ్గులు ఇంట్లో ఉన్న మనిషి, ఎవరు చేశారని అడక్కుండా ఇంజన్ గురించి అడిగిన మనిషి..."

వదినగారు లోపలికెళ్లి ఒక మగవాళ్ల రుమాలు తెచ్చింది. అందులో మెకానిక్ వేసిన మంచి ప్లగ్గులు.

"పందేల్లో ఆయన ప్లగ్గులు మార్చేది నేనేగా," అంది. "వచ్చినవాళ్లంతా సీటు ముందుకి లాగేవాళ్లు. ఆయన్ని లేచిపొమ్మన్నట్టుండేది. మళ్లీ వెనక్కి జరిపేదాన్ని."

"అన్నం మానేసి రోజూ ఇందులో పక్క సీట్లోనే కూర్చుంటున్నావు వదినా," అన్నాడు మరిది. "ఇది పోతే ఇంట్లోకొస్తావనుకున్నా."

"ఆ ముక్క నన్నడక్కుండా డిటెక్టివ్‌ని తెచ్చావా?"

"అడిగితే ఏడుస్తావని."

"ఏడిస్తే ఏడుస్తాను, నీదేం పోయింది?"

ఇంట్లో ఉన్నదే ఇద్దరు. ఒక్కరికీ ఒక్క మాట అడిగే దమ్ము లేకపోయింది.

"కారు అమ్మనులే వదినా. కానీ ఇక్కడే తుప్పు పట్టిస్తే అన్న ఊరుకునేవాడా?"

ఆమె మంచి ప్లగ్గులు ఒక్కొక్కటే వేళ్లతో తిప్పి, చివర్లో స్పానర్‌తో బిగించింది. మొదటిసారి డ్రైవర్ సీట్లో కూర్చుంది. కాళ్లు పెడల్స్‌కి అందలేదు. చెయ్యి సీటు కిందికెళ్లి, అక్కడే ఆగిపోయింది.

"పదమ్మా, మన పనైపోయింది," అన్నాడు డిటెక్టివ్.

అసిస్టెంట్ చెవులు మాత్రం షెడ్డులోనే ఉన్నాయి. గేటు దగ్గర వినబడింది, సీటు ముందుకి జరిగిన చప్పుడు.

ఆ తర్వాత చాలాసేపటికి గానీ ఇంజన్ స్టార్టవలేదు.