మిగిలిన ముగ్గురు

తెల్లారేసరికే భోజనాల బల్ల నిండా మొదటి సంవత్సరం పిల్లల జవాబు పత్రాలు పరుచుకుని ఉన్నాయి. వాళ్లకు జన్యుశాస్త్రం చెప్పే పంతులమ్మకు ఒంట్లో ఓపిక లేదు. ఆమెకు మూడో నెల. టీ వాసన కూడా పడటం లేదు. అయినా ఈ కట్ట ఇప్పుడే దిద్ది పంపేయాలి, పదింటికి ఆసుపత్రిలో ఉండాలి.

ఐదో ప్రశ్న దగ్గర ఎర్ర పెన్ను ఆగింది. ఏటా అక్కడే ఆగుతుంది. తల్లికీ తండ్రికీ లోపమున్న జన్యువు ఒక్కొక్కటి ఉంది, ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు, మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది. మరి రెండో బిడ్డకు వచ్చే అవకాశమెంత? 'నలుగురిలో ఒకరికి వస్తుంది. ఆ ఒకరు పుట్టేశారు కాబట్టి మిగిలిన ముగ్గురికీ భయం లేదు' అని ఎవరో నిశ్చింతగా రాసేశారు.

ఆమె సున్నా వేసింది. ప్రతి కాన్పుకీ లెక్క మళ్లీ మొదటికొస్తుందని, ముందు పుట్టిన వాళ్లతో దానికి సంబంధం లేదని క్లాసులో గొంతు పోయేలా చెప్పింది. ఏం లాభం? ఇదే తప్పును సొంత ఇంట్లోనే దిద్దలేకపోతోంది.

"ఇవాళ ఆ సూది పరీక్షకి వెళ్లాల్సిందేనా అమ్మాయ్?" అంటూ అత్తగారు ఎదురుగా వచ్చి కూర్చుంది.

"వెళ్లాలి అత్తయ్యా."

"నలుగురిలో ఒకరని నువ్వే కదా చెప్పావు! ఆ ఒక్కటీ మనకి వచ్చేసింది. ఇంక పుట్టేవాళ్లు చక్కగా పుడతారు. జబ్బుందో లేదో చూడ్డానికి కడుపులో సూదులెందుకు?"

ఆ ఒక్కటీ పిచ్చుక. ఆమె ఆరేళ్ల కూతురు, పక్క గదిలో నిద్రపోతోంది. తలసేమియా. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన వారం ఇల్లు పీకి పందిరేస్తుంది. మూడో వారం వచ్చేసరికి మెట్టు ఎక్కాలన్నా ఎత్తుకోమంటుంది. ఇప్పుడు మూడో వారం నడుస్తోంది.

పిల్ల పాలిపోయి డాక్టరు దగ్గరికి పరిగెత్తేదాకా తల్లిదండ్రులిద్దరికీ ఆ జన్యువు ఉన్న సంగతే తెలియదు. ఊరందరి పిల్లలకూ ఆ పాఠం చెప్పే మనిషికి తన రక్తం సంగతి తెలియలేదు. దీపం కింద చీకటంటే అదే.

"ఎన్నిసార్లు చెప్పాను అత్తయ్యా? ఈ బిడ్డకీ అదే అవకాశం. పిచ్చుకకి వచ్చింది కదా అని తగ్గదు."

"చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు. మంచి జరుగుతుందని ఒక్కసారైనా అనవేం?"

అత్తగారు పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఇంక వాదించి లాభం లేదని కోడలు మళ్లీ పెన్ను తీసుకుంది. లిఫ్టులు బాగుచేసే భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. ఇద్దరి ముఖాలూ చూశాడు. పాపం, ఎప్పుడూ అడకత్తెరలో పోకచెక్కే.

"పోనీ... వచ్చేవారం వెళ్దామా?" అన్నాడు మెల్లగా.

పెన్ను బల్ల మీద పడింది.

"మీరు కూడానా? మీకూ ఆ ముగ్గురి మీదే నమ్మకమా?"

"ఉండకూడదా? అది తప్పని నాకు తెలుసు. తెలిసినా పట్టుకు వేలాడుతున్నాను. ఏదో ఒకటి నమ్మకపోతే పొద్దున్నే ఎలా లేవను?"

"మీరు నమ్ముతూ కూర్చుంటే పరీక్షకి సమయం దాటిపోతుంది. మోసేది నేను!"

గొంతు పెరిగిందని ఆమెకే తెలిసింది. పక్క గదివైపు చూసింది. పిల్ల లేవలేదు. అత్తగారు లేచి వెళ్లి ఆ గది తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఒక్కటి అడుగుతాను, చెప్పు. పరీక్షలో జబ్బుందని తేలితే ఏం చేస్తావు?"

ఇన్నాళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న అది.

"తీయించేస్తావు. అంతేగా?" అంది అత్తగారు. "మరి పిచ్చుక కడుపులో ఉన్నప్పుడే ఈ పరీక్ష చేయించి ఉంటే? మనకి పిచ్చుక ఉండేదా?"

"అత్తయ్యా..."

"నీ లెక్క నాకు అర్థం కాకపోవడమేంటే? ముగ్గురూ ముగ్గురూ అని గోల చేస్తే ఈ మాట అడగక్కర్లేదు కదా అని, దాన్నే అడ్డం పెట్టుకున్నాను."

అత్తగారికి అర్థం కావడం లేదని పంతులమ్మ ఇన్నాళ్లూ ఓపిగ్గా, లోలోపల కాస్త గర్వంగా కూడా వివరిస్తూ వచ్చింది. నిజానికి తనూ అదే చేసింది. అవకాశం ఎంతో చెప్పినంత సేపు, ఆ తర్వాత ఏమిటన్నది తనను తాను అడగాల్సిన పని లేకపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది.

"తెలీదు అత్తయ్యా. ఏం చేస్తానో నిజంగా తెలీదు. పిచ్చుక లేని ఇల్లు నేను ఊహించుకోలేను. కానీ ఇంకో పసిచెయ్యి పట్టుకుని సూది గుచ్చించే బలం నాలో మిగల్లేదు. అలసిపోయాను. తెలుసుకోకుండా మాత్రం ఈ కడుపు మోయలేను."

భర్త తల వంచుకుని కూర్చున్నాడు. అత్తగారు కోడలి తల తన పొట్టకు ఆనించుకుంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా దగ్గరకు తీసుకోలేదు.

"ఆరేళ్లుగా దాని చెయ్యి నువ్వొక్కదానివే పట్టుకున్నావు. నేను చూడలేక బయటే కూర్చున్నాను. నా మనవరాలు, నా మనవరాలు అని ఊరంతా చెప్పుకునేదాన్ని, ఆ గదిలోకి మాత్రం ఒక్కసారీ రాలేదు" అంది. "పద. నేనూ వస్తాను. ఆ బిడ్డని ఉంచుకుంటే దాని చెయ్యి నేను పట్టుకుంటాను. వద్దనుకుంటే నీ చెయ్యి పట్టుకుంటాను. నిన్ను ఎవరినీ ఒక్క మాట అననివ్వను, నేనూ అనను."

నలుగురూ కలిసే వెళ్లారు. వరండాలో తండ్రి భుజం మీద పిచ్చుక మళ్లీ నిద్రలోకి జారుకుంది. కాసేపటికి నర్సు తలుపు తీసి, తోడుగా ఒక్కరే రావచ్చంది. భర్త లేవబోయాడు. అత్తగారు అతని భుజం నొక్కి కూర్చోబెట్టి, కోడలి వెనకే లోపలికి నడిచింది.

డాక్టరు సూది చేతిలోకి తీసుకోగానే అత్తగారు కళ్లు గట్టిగా మూసేసుకుంది. కోడలి చెయ్యి మాత్రం వదల్లేదు.