గోవిందమ్మ కింది దవడ

"ఏమప్పా ఉమేష్, తాగి చేసినావా ఏంది ఈ పళ్ళు? పైవి లోపలికి, కిందివి ముందుకి పెట్టినావు!"

ధర్మవరం నుంచి డాక్టర్ వీణ ఫోనులో అరుస్తోంది. హిందూపురం డెంటల్ ల్యాబులో ఉమేష్ ఫోను చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాడు. గట్టి సెట్టు పోసేముందు సరిచూసేందుకు మైనంలో పళ్ళు అమర్చి, ఆమెకు ఫోటో పంపి ఐదు నిమిషాలైనా కాలేదు.

"తాగలే మేడమ్. గోవిందమ్మవ్వకు పైదవడ చిన్నది, కిందిది పెద్దది. అందరికీ పెట్టినట్ల పైపళ్ళు ముందుకు లాగి పెడితే, నమిలినప్పుడల్లా పళ్ళసెట్టు లేచొస్తాది. రెండు సెట్లు అట్లనే కదా పోయినాయి?"

"ఆర్డరు స్లిప్పులో నేనేం రాసినా? అందరికీ ఉన్నట్లే పెట్టమని రాసినా కదా!"

"రాసినారు. కానీ దవడ స్లిప్పు చదవదు కదా మేడమ్."

ఫోను కట్టయింది.

అయిపాయె, అనుకున్నాడు ఉమేష్. పంటి రంగుల గురించి మొదలైన ఫోన్లు ఎనిమిది నెలల్లో "అన్నం తిన్నావా" దాకా వచ్చాయి. ఆమెను ఒక్కసారైనా చూడకుండానే మనవాడు మనసు పారేసుకున్నాడు. గోవిందమ్మ ఎవరో కాదు, వీణ సొంత అవ్వ. సొంత అవ్వకే పళ్ళు నిలబెట్టలేని డాక్టరమ్మ అని మగ్గాల వీధంతా ఒకటే నవ్వు. ఈ మూడో సెట్టు కూడా పోతే ఇక నోరు తెరిచేది లేదని అవ్వ తేల్చి చెప్పింది. అప్పుడు వీణ తనతో మాత్రం మాట్లాడుతుందా?

మర్నాడు ఆ మైనం సెట్టును చన్నీళ్ళ డబ్బాలో వేసుకుని రైలెక్కాడు. మే నెల ఎండ, మైనం మెత్తబడితే పళ్ళన్నీ పక్కకు జరుగుతాయి. పెనుకొండలో క్రాసింగని రైలు అరగంట నిలబడింది. ప్లాట్‌ఫారం మీద ఐసు ముక్కలు కొని డబ్బాలో వేశాడు.

"ఏముండాదప్పా దాంట్లో?" అన్నాడు పక్కసీటాయన.

"మా అవ్వ పళ్ళు."

ఆయన లేచి వేరే సీటుకు పోయాడు.

క్లినిక్కులో గోవిందమ్మ కుర్చీలో కూర్చుని ఉంది, పక్కన వీణ మాస్కు పెట్టుకుని ఉంది. వీణ కళ్ళు చూడగానే, దారంతా వల్లెవేసుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"నిన్ను రమ్మనిందెవరు?"

"ఎవురూ రమ్మనలే. ఒక్కసారి పెట్టి చూడండి మేడమ్. బాగలేకుంటే మీరు చెప్పినట్లే మార్చిస్తా."

వీణ విసురుగానే సెట్టు తీసి అవ్వ నోట్లో పెట్టింది. "అవ్వా, సరిగంచు చీర అను." పాత సెట్లతో ఆ మాట ఈలలాగా వచ్చేది.

"సరిగంచు సీర. సన్న సరిగంచు సీర. సాలునా, ఇంకా చెప్పల్నా?"

ఈల లేదు, సెట్టు కదల్లేదు. అవ్వ అద్దం అందుకుని చాలాసేపు చూసుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇదే నా మొకం. మీ తాత చూసి ఇష్టపడింది ఈ మొకాన్నే. పోయిన రెండుసార్లూ ఎవురిదో మొకం తెచ్చి తగిలిస్తివి గదే!"

"నువ్వు బాగా కనబడాలనే కదవ్వా..."

"ఏం, ఇప్పుడు బాగలేనా? నీదీ ఇదే దవడ. దాన్ని దాచుకోనీకే గదా ఆ గుడ్డ ఇంట్లో గూడా తియ్యవు!"

ఆ స్లిప్పు ఎందుకట్లా రాసిందో ఉమేష్‌కు అప్పుడర్థమైంది. వీణ మెల్లగా మాస్కు తీసేసింది. అవ్వ గడ్డమే, కాస్త ముందుకు వచ్చిన అదే కింది దవడ.

"చూసినావు కదా. నవ్వుకో."

"ఎందుకు నవ్వాల? ల్యాబులో దినామూ దవడలే చూస్తాండా. కొలతకు సరిపోయినవి వందలు చూసినా, ఒక్కటీ గుర్తులేదు." ఉమేష్ ఒకడుగు ముందుకేశాడు. "నేను డాక్టర్ను కాదు మేడమ్, ల్యాబువాణ్ణి. మీరంటే నాకు ప్రాణం. ఈ మొకం చూడకముందే ఇష్టం, చూసినాక ఇంకా ఎక్కువైంది."

వీణ అవ్వ నోట్లోంచి సెట్టు జాగ్రత్తగా తీసి డబ్బాలో పెట్టి, మూత బిగించి అతని చేతికిచ్చింది.

"ఇట్లనే ఫైనల్ చెయ్. ఒక్క పన్ను కదిలించినా ఊరుకోను."

"సరే మేడమ్."

"ఆదివారం నువ్వే తీసుకురా." చెవులు ఎర్రబడుతుండగా అటు తిరిగి అంది. "మీ అమ్మానాయనను గూడా తోడుకొని రా. మా అవ్వ వాళ్ళతో మాట్లాడాలంటాంది."

"నేనెప్పుడంటినే?" అంది అవ్వ.