రెండు గునపాలు

సొరంగం గోడ మీది గునపం గాట్లను ఈరమ్మ వేళ్లతో తడిమింది. అన్నీ ఎడమ వైపు నుంచి వాలుగా పడ్డాయి.

"మీ అన్న చెయ్యే," అంది మరిది తిప్పన్నతో.

పన్నెండేళ్ల కిందట గుండ్లకోట ముట్టడిలో, కోటగోడ కింద మందు పెట్టి పేల్చేందుకు ఈ సొరంగం తవ్వింది ఆమె భర్త కదిరప్ప. ఎడమచేతి వాటం మనిషి. బావి తవ్వడంలో అతనికి సాటి లేరు. కోట పడింది. కదిరప్ప తిరిగి రాలేదు, కోటనేలిన పాలెగాడి సొమ్ముపెట్టెలూ దొరకలేదు. లోకం రెండింటినీ ముడిపెట్టింది. ఆనాటి నుంచి దొంగ పెళ్లామని ఈరమ్మను ఏ ఊరూ బావి పనికి పిలవలేదు.

ఆ మాట మొదట అన్న, ముట్టడి దళపు దఫేదారు హుసేను సాయిబే, ఆ పెట్టెల కోసం, కోటలో దొరికిన పాత పటం పట్టుకుని ఇప్పుడు ఆమె వెనక నడుస్తున్నాడు.

సొరంగం రెండుగా చీలింది.

"పటంలో కుడికి ఉంది," అన్నాడాయన.

ఈరమ్మ చెంబులోని నీళ్లు కాసిని నేల మీద పోసింది. అవి కుడి దారిలోకి జారిపోయాయి.

"బావులు తవ్వేవాళ్లం లోపలికి పోయేకొద్దీ నేల ఎత్తు చేస్తాం సాయిబూ, ఊటనీరు వెనక్కి పోవాలని. ఇది పల్లానికి పోతోంది. కోటవాళ్లు మనకు ఎదురు తవ్విన దారి. అటు పోతే గాలి ఉండదు."

"నీ చెంబు కంటే నా పటం పెద్దది," అని దఫేదారు ముందుకు నడిచాడు. పది అడుగుల్లో ఆయన దీపం కొండెక్కింది. తిప్పన్న ఆయన నడుం పట్టి ఈడ్చుకొచ్చాడు.

దఫేదారు చాలాసేపు దగ్గాడు. "పటం గీసినవాడు ఇక్కడికి రాలేదులే," అన్నాడు చివరికి.

ఎడమ దారి కొంత దూరంలో కూలి ఉంది. పైకప్పుకు కర్రలు ఆనిస్తూ రెండు రోజులు తవ్వారు. తిప్పన్న గునపం వేశాడు, ఈరమ్మ తట్ట మోసింది. వాళ్ల ఇంట ఆడది గునపం ముట్టదు.

ఆవల రాతిగది. అందులో నాలుగు పెట్టెలు. పాలెగాడి లక్క ముద్రలు చెక్కు చెదరలేదు. దఫేదారు ఒకటి పగలగొట్టాడు. నిండా వరహాలు.

ఈరమ్మ వాటిని చూడలేదు. ఎదుటి గోడలో పైకి తవ్విన బిలం ఉంది. ఎడమ గాట్ల పక్కనే కుడిచేతి గాట్లు, జోడుగా పైకి సాగాయి. కింద రెండు అస్థిపంజరాలు, రెండు గునపాలు. కోట తరఫున తవ్వినవాడూ, కదిరప్పా. దారి కూలాక ఇద్దరూ కలిసి ఆకాశం వైపు తవ్వుకున్నారు.

ఆమె కూర్చుంది.

"సాయిబూ, కర్రలు జాగ్రత్త," తిప్పన్న అంటూనే ఉన్నాడు. దఫేదారు ఈడుస్తున్న పెట్టె ఆసర కర్రకు తగిలింది. కొండ మూలిగింది. దారంతా ఒక్కసారిగా కూలింది. తిప్పన్న భుజం మీద బండ పడింది, చెయ్యి లేవలేదు.

ఈరమ్మ కదిరప్ప గునపం అందుకుంది.

"వదినా..."

"తట్ట పట్టుకో."

గాట్లలో కాలు మోపి బిలంలోకి ఎక్కింది. పైన మన్నులో గడ్డివేళ్లు వేలాడుతున్నాయి. మూరెడు దూరంలో ఆగిపోయాడు మనిషి. అతను వదిలిన గాటులోనే గునపం వేసింది. దీపం సన్నగిల్లేలోగా మొహం మీద మన్నూ, ఎండా కలిసి పడ్డాయి.

ముగ్గురూ కొండ మీద వెల్లకిలా పడి గాలి పీల్చుకున్నారు.

"పెట్టెల కోసం మళ్లీ దిగుదామా?" అన్నాడు దఫేదారు.

"అది మా ఆయన సమాధి."

ఆయన తల దించుకున్నాడు. "ఊరూరా నేనే చెబుతానమ్మా, కదిరప్ప తీసుకోలేదని. ఒట్టి చేతులతో పోయి చెబితే నమ్ముతారో లేదో."

"పెట్టె మోసుకుంటూ చెబితే నమ్మరు సాయిబూ."

ఆమె బిలంలోకి మళ్లీ దిగి రెండో గునపం, ఆ కోటవాడిది, కూడా తెచ్చింది. దాన్ని కొంగుతో తుడిచి భుజాన పెట్టుకుని, కోట ఉన్న వైపు దిగసాగింది.

"ఎక్కడికి వదినా? మన ఊరు ఇటు," అన్నాడు తిప్పన్న.

"ఇది ఎవరింటిదో అడగాలి. అక్కడా ఒకామె ఎదురుచూస్తూ ఉంటుంది."