పన్నెండులోపు బ్రాడ్‌బ్యాండ్

"పదకొండుకి టెక్నీషియన్ వస్తాడు. పన్నెండుకి పిచ్చుకని చంపేస్తారు. మధ్యలో ఆ గంటే నీది. ఇంటర్నెట్ కనెక్షన్ పెట్టించుకో."

సెలూన్ కుర్చీలో వెనక్కి వాలి, ముఖం నిండా సబ్బు నురగతో ఈ మాట అన్నవాడు డిపార్ట్‌మెంట్ చీఫ్. పక్క కుర్చీలో మెడకి తెల్లగుడ్డ కట్టించుకుని విన్నవాడు ఏజెంట్ నత్త. పద్దెనిమిదేళ్ల సర్వీసులో నత్త తుపాకీ పేల్చింది ఒక్క ట్రైనింగులోనే, అదీ గురి తప్పింది. కోడ్ పుస్తకాలు దిద్దుకుంటూ కుర్చీలో బతికే మనిషి. పిచ్చుక అలా కాదు, సముద్రం అవతల గొడుగు ముఠా అనే శత్రువుల ఊళ్లో మారుపేరుతో తిరిగే ఫీల్డ్ ఏజెంట్. అన్నిటికంటే ముఖ్యంగా, పిచ్చుక నత్తకి కట్టుకున్న పెళ్లాం.

"ఆఫీసు నుంచే మెసేజ్ పంపొచ్చు కదా సార్?" అన్నాడు నత్త.

"ఆఫీసులో ప్రతి లైనుకీ గొడుగు ముఠా చెవులున్నాయి. మనవాళ్లలోనే ఎవరో అమ్ముడుపోయారు. ఎవరో తెలీదు. నెట్ సెంటర్ల ముందు కూడా వాళ్ల మనుషులే. మీ అత్తగారి పేరు మీద బ్రాడ్‌బ్యాండ్‌కి అప్లై చేశారుగా? ఇప్పుడదే మనకి దిక్కు."

"కూతురి ముఖం కంప్యూటర్లో చూడాలని ఆవిడే అప్లై చేసుకున్నారు సార్."

"చూడాలంటే కూతురు బతికుండాలి. విను. మన టైము సరిగ్గా పన్నెండుకి పిచ్చుక అక్కడ తోటపని వెబ్‌సైటు తెరుస్తుంది. 'గులాబీకి చీడ పట్టింది, నీళ్లు పోయొద్దు' అని నీ పేరుతో కనిపిస్తే మీటింగుకి వెళ్లదు. కనిపించలేదో, వెళ్తుంది. అక్కడ నలుగురు తుపాకులు పెట్టుకుని కూర్చున్నారు."

"నాకు భయంగా ఉంది సార్."

"నాకూ ఉందయ్యా. నురగ కింద కనపడట్లేదంతే."

ఇంటికొచ్చాక నత్త చేసిన పనల్లా గడియారం చూడటం, కిటికీలోంచి కిందికి చూడటం, మళ్లీ గడియారం చూడటం. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లది. హాల్లో మూలన కంప్యూటర్, దాని పక్కన టెలిఫోను. అత్తగారు మానిటర్ మీద గుడ్డ తీసి తుడిచిందే తుడుస్తోంది. ఆవిడ లెక్క ప్రకారం కూతురు ఏదో కంపెనీ తరఫున విదేశంలో ట్రైనింగు ఇస్తోంది.

"ఎందుకు బాబూ కాలుగాలిన పిల్లిలా అలా తిరుగుతావ్? వస్తాడులే," అంది.

పదకొండు దాటింది. పది నిమిషాలు. ఇరవై. అప్పుడు మోగింది బెల్లు.

వచ్చింది వాడు కాదు, ఆవిడ. మడత నలగని నీలం చొక్కా, మెడలో ఐడీ కార్డు, జుట్టు మీదికి తోసిన నల్లకళ్లద్దాలు. ఆవిడతోపాటు సెంటు వాసన కూడా లోపలికొచ్చింది. "లేటయింది, సారీ అండీ," అంటూ నవ్వితే అత్తగారంతటి మనిషి నోరు తెరిచి చూసింది.

పని మాత్రం చకచకా చేసింది. గోడలోంచి వచ్చే ఫోన్ లైనుని స్ప్లిట్టర్‌కి గుచ్చింది. అందులోంచి ఒక తీగ టెలిఫోనుకి, ఒకటి రౌటర్‌కి. రౌటర్ నుంచి పసుపు కేబుల్ కంప్యూటర్‌కి. లైట్లు ఒకటొకటిగా వెలిగాయి, చివరిది మాత్రం ఎర్రగా ఉండిపోయింది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఉన్న చీటీ చూసుకుంటూ ఆవిడ టకటకా ఏవేవో టైపు చేసింది. ఎరుపు పోయి పచ్చలైటు వచ్చింది.

"కూర్చోండి సార్. మీ ఇష్టం ఇక."

నత్త ఆ వాక్యం మూడుసార్లు తప్పు కొట్టి, నాలుగోసారి సరిగ్గా కొట్టాడు. పోస్ట్ నొక్కాడు. గులాబీ, చీడ, నీళ్లు, అన్నీ స్క్రీన్ మీద కనిపించాయి. టైము పదకొండు నలభై మూడు. పోయిన ప్రాణం లేచొచ్చింది. టెక్నీషియన్ చేతులు కడుక్కుంటానని బాత్రూంలోకి వెళ్లింది.

అత్తగారు అల్లుడి చెవి దగ్గరికి వంగింది. "పాపం, ఆ పిల్ల పొద్దున్నుంచీ ఏమీ తిన్నట్టు లేదు. ఇందాక ఆ పాస్‌వర్డ్ చీటీ మడిచి నోట్లో వేసుకుని మింగేసింది. రెండు బిస్కెట్లు పెట్టనా?"

నత్త బాత్రూం తలుపుకేసి తిరిగాడు.

నిజానికి అతనూ చూశాడు. చూసి కూడా ఏమీ అనుకోలేదు, ఎందుకంటే అతనూ రోజూ చేసే పనే అది. చదివిన చీటీని మూడు మడతలు పెట్టి మింగెయ్యాలని డిపార్ట్‌మెంట్ ట్రైనింగ్ స్కూల్లో మొదటివారమే నేర్పుతారు. గొడుగు ముఠావాళ్లయితే చీటీ కాల్చేస్తారు. బ్రాడ్‌బ్యాండ్ కంపెనీవాళ్లయితే కస్టమర్ చేతికిస్తారు. లోకంలో చీటీలు మింగే జాతి డిపార్ట్‌మెంట్‌వాళ్లదొక్కటే. అమ్ముడుపోయిన మనిషి ఎవరో కాదు, ప్రస్తుతం తన బాత్రూంలో సబ్బు రుద్దుకుంటోంది!

పిల్లిలా వెళ్లి బయట గడియ పెట్టేశాడు.

"అయ్యో, అదేం పని!" అంది అత్తగారు.

అతను కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తాడు. కిందటివారం ఇదే వెబ్‌సైటులో మల్లెతీగ గురించి తను పెట్టిన పోస్టు కోసం వెతికాడు. లేదు. అంటే ఇది ఆ సైటే కాదు, అచ్చం దానిలా తయారుచేసిన బొమ్మ. ఫలానావారి ఇల్లెక్కడని అడిగితే దారి చెప్పేది రౌటర్. ఆ రౌటర్‌కే ఆవిడ తప్పుదారి నేర్పింది. తన మెసేజ్ తిన్నగా ముఠా కంప్యూటర్లోకి పోయి కూర్చుంది. అక్కడ పిచ్చుకకి మాత్రం ఏమీ కనిపించదు, లేచి మీటింగుకి బయల్దేరుతుంది.

రౌటర్ సెట్టింగులు తెరవబోతే తాళం మార్చేసి ఉంది. దారి ఒక్కటే. వెనకున్న రీసెట్ రంధ్రంలో పిన్నీసు గుచ్చి పది అంకెలు లెక్కపెట్టాడు. లైట్లన్నీ ఆరి మళ్లీ వెలిగాయి. చివరిది ఎర్రగా ఉంది. ఆవిడ చేసిన మాయంతా పోయింది, దాంతోపాటు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కూడా పోయాయి. అవి రాసున్న చీటీ ఆవిడ కడుపులో ఉంది.

"సార్, బయట గడియ పడినట్టుంది," అంది లోపల్నుంచి తియ్యటి గొంతు. తర్వాత ఇనుము మీద ఇనుము తిరిగే చప్పుడు. బాత్రూం తలుపు బందులు లోపలివైపే ఉన్నాయి, ఆవిడ జేబులో టెస్టర్ ఉంది. మొదటి మర ఊడి నేల మీద పడింది. ఠంగ్.

నత్త హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాడు. పాట. మీ కాల్ మాకెంతో ముఖ్యమన్నారు. మళ్లీ పాట. ఠంగ్. పదకొండు యాభై మూడుకి ఒకమ్మాయి పలికింది.

"పాస్‌వర్డ్ మార్చి ఇస్తాను సార్. కస్టమర్ పుట్టిన తేదీ చెప్పండి."

చెప్పాడు.

"మ్యాచ్ కావట్లేదు సార్. ఇంకొక్కసారి తప్పయితే అకౌంట్ రేపటిదాకా లాక్ అయిపోతుంది."

"అత్తయ్యా! ఫారంలో ఏ తేదీ వేశారు?"

అత్తగారు గోడకేసి చూసింది. "తేదీ సరిగ్గానే వేశాను."

"మరి సంవత్సరం?"

ఆవిడ మానిటర్ గుడ్డ మళ్లీ మడత పెట్టింది. ఠంగ్.

"మీ కాళ్లు పట్టుకుంటా అత్తయ్యా, మీ అమ్మాయి ప్రాణం!"

మాట నోరు జారింది. అత్తగారు అల్లుడి ముఖంలోకి ఒక్క క్షణం చూసింది. ఇంకేమీ అడగలేదు. ఫోన్ లాక్కుని, అరచెయ్యి అడ్డం పెట్టుకుని సంవత్సరం చెప్పింది. ఎంత మెల్లగా చెప్పినా వినపడింది. పద్నాలుగేళ్లు తగ్గించింది! ఆ లెక్కన అత్తకీ అల్లుడికీ ఏడేళ్లే తేడా.

హెల్ప్‌లైన్ అమ్మాయి యూజర్‌నేమ్, కొత్త పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం చెప్పేసరికి పదకొండు యాభై ఏడు. ఎర్రలైటు ఆలోచించి, ఆలోచించి పచ్చబడింది. సైటు తెరుచుకుంది. ఈసారి మల్లెతీగ పోస్టు ఉంది. నత్త చెమటచేతులు ప్యాంటుకి తుడుచుకుని టైపు చేశాడు. గులాబీకి చీడ పట్టింది. పక్కనుంచి బందు మొత్తం ఊడిన చప్పుడు. నీళ్లు పోయొద్దు. పన్నెండుకి పదిసెకన్లుందనగా పోస్ట్ నొక్కాడు.

అదే క్షణంలో టెక్నీషియన్ తలుపుని తనవైపు లాగింది. పట్టుకునే బందు ఒక్కటీ లేని తలుపు గడియతో సహా పెళ్లగించుకొచ్చి ఆవిడ మీదే పడింది. అత్తగారు నింపాదిగా వెళ్లి ఆ తలుపు మీద కూర్చుంది.

"బిస్కెట్లు పెడదామనుకున్నానే తల్లీ నీకు," అంది కిందికి చూసి.

నత్త చీఫ్‌కి ఫోన్ చేసి, "నురగ కడుక్కోండి," అన్నాడు. అంతే, మనుషుల్ని పంపమని కోడు. తర్వాత స్క్రీన్ ముందు కూర్చున్నాడు. పన్నెండు. ఏమీ లేదు. పన్నెండూ ఒకటి. మళ్లీ తెరిచాడు, ఏమీ లేదు. వెళ్లిపోయిందా? ఆ గది తలుపు తెరుస్తోందా ఇప్పుడు? పన్నెండూ రెండుకి అతని వాక్యం కింద ఇంకో వాక్యం వచ్చింది. "నీళ్లు పోయను. చెప్పి మంచిపని చేశారు."

నత్త కీబోర్డు మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"బాబూ," అంది అత్తగారు తలుపు మీదనుంచి. "ఆ జవాబిచ్చింది మా అమ్మాయేనా?"

కాదని అబద్ధమాడటానికి పద్దెనిమిదేళ్ల సర్వీసు ఉంది. నోరు రాలేదు. "అవునత్తయ్యా. క్షేమంగా ఉంది."

ఆవిడ కళ్లు తుడుచుకుంది. కింద మూలుగు వినిపిస్తే కాస్త సర్దుకుని గట్టిగా కూర్చుంది.

"సరే. దాని సంగతి నేనెక్కడా బయటపెట్టను. నా వయసు సంగతి మాత్రం నువ్వు దానికి చెప్పావంటే, ఇంకో తలుపు కూడా ఉంది ఇంట్లో."