మూతపడ్డ లైబ్రరీలో మూడో గొంతు

సందు చివరి లైబ్రరీ పేరెత్తితే చాలు, ఆ వీధిలో వాళ్ళ ఒళ్ళు జలదరించేది. మూతపడి తొమ్మిదేళ్ళు. పైఅంతస్తుకు వెళ్ళే చెక్క మెట్లు చెదలు తిని ఎప్పుడో కూలిపోయాయి. చీకటి పడితే లోపల ఒక మగా ఒక ఆడా పోట్లాడుకుంటారట... అదీ ఇంగ్లీషులో! ఇంకెవరో వెక్కివెక్కి ఏడుస్తారట. పాలు పోసే ఆయన ఓసారి విని, సైకిలు అక్కడే పారేసి పరిగెత్తాడు. మర్నాడు దాన్ని తెమ్మని బావమరిదిని పంపాడు.

ఈ కబుర్లు విని ముసిముసిగా నవ్వుకునేది ఒక్క చిన్నపిల్లల బడి టీచరమ్మే. ఎందుకంటే, ఆ పోట్లాడే దెయ్యాలు రెండూ ఆవిడే.

ఆవిడ డిగ్రీకి ఒకే ఒక్క పేపరు అడ్డం పడి ఉంది — ఇంగ్లీషు సాహిత్యం. నాటకం, నవల, కవిత్వం. మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా మొత్తం తప్పినట్టే. ఇప్పటికి రెండుసార్లు తప్పింది. ఈసారీ తప్పితే ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామని బడిలో ముఖం మీదే చెప్పేశారు. ఇంట్లో చదువుదామంటే టీవీ హోరు. అందుకని స్నేహితురాలి ఇంటికని అత్తతో చెప్పి, ఈ లైబ్రరీ కిటికీలోంచి దూరి, నాటకాన్ని గట్టిగా చదివేది — భర్త మాటలు బొంగురు గొంతుతో, భార్య మాటలు కీచు గొంతుతో. అలా అయితేనే బుర్రకెక్కుతుంది మరి.

ఏడుపు సంగతా? జనం ఒకటికి రెండు కలుపుతారులే, అనుకుంది.

పరీక్ష ముందు రోజు రాత్రి... కొవ్వొత్తి వెలిగించింది. భర్త అరిచాడు. భార్య ఎదురు అరిచింది. టీచరమ్మ ఊపిరి తీసుకోవడానికి ఆగింది —

బీరువాల వెనక ఎవరో వెక్కారు.

పుస్తకం చేతిలోంచి జారింది. మళ్ళీ వెక్కిళ్ళు... ముక్కు చీదిన చప్పుడు...

"ఎ... ఎవరు?"

"చచ్చిపోయింది..." అంది ఆ గొంతు, గుసగుసగా.

"ఎవరు చచ్చిపోయారు?"

కాళ్ళు పారిపోదామంటున్నాయి. కానీ నోట్సు ఆ బీరువాల పక్కనే ఉండిపోయింది. రేపు నోట్సు లేకుండా పరీక్షకు పోవడం కంటే దెయ్యమే నయం! కొవ్వొత్తి ఎత్తింది. తెల్లటి ముసుగు... అందులో తళతళలాడే రెండు గుండ్రటి కళ్ళు...

కళ్ళు కాదు — కళ్ళజోడు.

"అత్తయ్యా!"

అత్త ఉలిక్కిపడి, చెవుల్లోంచి దూది పీకింది. "నువ్వా పోట్లాడేది! నెల రోజులుగా మొగుడూపెళ్ళాల దెయ్యాలనుకుని దూది కుక్కుకుని చదువుతున్నానే!"

"మీరు చదవడమేంటి? డాక్టరు నడవమన్నాడని కదా రోజూ..."

"నడిచే వస్తున్నాగా!" అత్త ముసుగులోని చిన్న టార్చి ఆర్పి, నవల మూసింది. "ఇరవై ఎనిమిదేళ్ళ కిందట ఈ పేపరే తప్పాను. నువ్వు తప్పితే ఇంటిల్లిపాదికీ తెలిసింది. నేను తప్పిన సంగతి మీ మామయ్యకి కూడా తెలీదు. రేపు నేనూ రాస్తున్నా. ఎక్కడైనా నోరు జారావో, చూడు!"

"మరి ఆ ఏడుపెందుకు?"

"నాయిక పోతుందే, పాపం... చివరి పేజీలో. ఎన్నిసార్లు చదివినా ఏడుపు ఆగదు."

ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. కోడలు నాటకం అప్పజెప్పింది, అత్త నవల విప్పి చెప్పింది. రెండు భాగాలు గట్టెక్కినట్టే.

"ఇక కవిత్వం చెప్పండి అత్తయ్యా."

"నేనా? నేను నాటకమూ, కవిత్వమూ రెండూ ముట్టలేదు. నువ్వు చదివే ఉంటావుగా?"

"నేనూ ముట్టలేదు!"

ఇద్దరి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు.

అప్పుడు... పైనుంచి వినిపించింది. మెట్లు లేని పైఅంతస్తులోంచి. ఎవరిదో ముసలి గొంతు — వాళ్ళ సిలబస్‌లోని మొదటి కవితను తాపీగా చదువుతోంది. చదివి, భావం కూడా చెబుతోంది...

కొవ్వొత్తి రెపరెపలాడింది. కోడలు అత్త కొంగు పట్టుకుంది.

"అత్తయ్యా... పారిపోదామా?"

"ముప్పై మార్కులు పోతాయే అమ్మాయ్!"

అత్త కోడలి నోట్సు లాక్కుంది. కలం మూత తీసింది. పైకి చూసి అంది —

"బాబూ, తమరెవరైనా సరే... కాస్త నెమ్మదిగా. రాసుకుంటున్నాం."

గొంతు ఠక్కున ఆగింది.



పైన ఎవరో గొంతు సవరించుకున్నారు. తర్వాత మొదటి పాదం నుంచి మళ్ళీ ఎత్తుకున్నారు — ఈసారి ఒక్కొక్క మాటా విడివిడిగా, డిక్టేషన్ చెప్పినట్టు.